భయపడటానికి ఇరవై నిమిషాలు

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ల కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా బతుకుతున్న మనిషి కాబట్టి ఆవిడను అందరూ బ్రేకక్క అంటారు. మొదట ఎవరో శిష్యురాలు సరదాకి అంది. ఆ తర్వాత వీధంతా అంది. చివరికి మొగుడు కూడా, ఎవరైనా ఫోన్ చేస్తే, "బ్రేకక్క క్లాసులో ఉందండీ" అనడం మొదలుపెట్టాడు.

వయసు యాభై ఒకటి. పొట్టి మనిషి. సీటు ముందుకు జరుపుకుని, వీపు వెనక దిండు పెట్టుకుంటే తప్ప కాలు పెడలుకు అందదు. నోటికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. "ముందున్న లారీ నీ మేనమామ కాదు, అంత దగ్గరికి వెళ్లి పలకరించక్కర్లేదు" అంటుంది. "అద్దం చూసుకోమన్నాను, అందం చూసుకోమనలేదు" అంటుంది. తిట్టినట్టే ఉంటుంది గానీ, ఆవిడ పక్కన ఉంటే ఎంత పిరికివాడికైనా ధైర్యం వస్తుంది. తను తప్పు చేసినా ఆపడానికి ఇంకో కాలు ఉందని తెలుసు కదా.

ఆ కాలికి ఓ జబ్బుంది. బస్సెక్కినా, టీవీలో కారు వేగంగా దూసుకుపోయినా, దానంతటదే నేలను తొక్కేస్తుంది. సోఫా ముందు తివాచీ ఒకే చోట అరిగి, దారాలు తేలి ఉంటుంది.

ఒకరోజు కొత్తగా చేరిన శిష్యుడొకడు వీధికుక్క అడ్డం వచ్చిందని, ఆవిడ కంటే ముందే ధడాలున బ్రేకు వేశాడు. సీటు బెల్టు రొమ్ము మీద బిగుసుకుని కలుక్కుమంది. కుక్క తోకూపుకుంటూ వెళ్లిపోయింది. సాయంత్రం స్నానం చేస్తూ ఆవిడ తడిమి చూసుకుంటే, లోపల చిన్నగా గట్టిగా ఏదో చేతికి తగిలింది. బెల్టు దెబ్బకు కమిలి ఉంటుంది, అదే తగ్గుతుంది లెమ్మనుకుంది. మూడు వారాలు అలాగే అనుకుంది. అంత ఆలస్యం ఎందుకు చేశావని తర్వాత చాలామంది అడిగారు. "కమిలిందని అనుకోవడం నాకు నచ్చింది, అందుకని అనుకుంటూ పోయాను" అని ఉన్నమాటే చెప్పింది.

నాలుగో వారం మొగుడికి చెప్పింది. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే మనిషి. మాటలు తక్కువ. "రేపు సెలవు పెడతాను" అని మాత్రం అన్నాడు. పెళ్లయ్యాక ఆయన పండగలకు కాక సెలవు పెట్టడం అది మూడోసారి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసింది, ఎక్స్‌రే ఫొటో తీయించింది, ఆ ఫొటోను దీపం వెలుగులో పెట్టి రెండుసార్లు చూసింది. బ్రేకక్కకు ఆ రెండోసారి నచ్చలేదు. తర్వాత సోమవారం సూదితో ముక్క తీశారు. తిమ్మిరెక్కించే మందు ఇచ్చారు కాబట్టి నొప్పి పెద్దగా లేదు. చప్పుడే ఎక్కువ. ఆఫీసులో కాగితాలకు పిన్ను కొట్టినట్టు టక్కుమంది, మూడుసార్లు.

"ఎప్పుడొస్తుందండీ రిపోర్టు?"

"ఎనిమిది పనిరోజులు" అంది డాక్టరమ్మ.

"పనిరోజులంటే శని, ఆదివారాలు లెక్కలోకి రావా?"

"రావమ్మా. ల్యాబుకు సెలవు."

"ల్యాబుకు సెలవు సరే. నా భయానికి ఎవరిస్తారండీ సెలవు?"

డాక్టరమ్మ నవ్వింది. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే, ఈ డాక్టరమ్మ మామూలుగా నవ్విందా, జాలిపడి నవ్విందా అని అనుమానపడింది. ఎనిమిది రోజుల కథకు అదే మొదలు.

బయటికి వచ్చేసరికి వరండాలో బెంచీ మీద మొగుడు ఒక ముసలాయన కళ్లజోడు తుడుస్తున్నాడు. పక్కన ఇంకో ముగ్గురు తమ కళ్లజోళ్లు చేత్తో పట్టుకుని వంతు కోసం చూస్తున్నారు. ఆయన కంగారు అలాగే బయటపడుతుంది. నోరు మూసుకుంటాడు, చేతికి అందిన అద్దమల్లా తుడుస్తాడు.

"పదండి" అంది బ్రేకక్క.

"ఒక్క నిమిషం, ఈయనది స్క్రూ వదులైంది" అన్నాడాయన తలెత్తకుండా.

ఇంటికి వెళ్లే దారిలో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రిపోర్టు వచ్చేదాకా పై వాటాలో ఉండే వదినకు చెప్పకూడదని. వదినంటే మొగుడికి అక్క. గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పుస్తకాలు సర్ది ఈమధ్యే రిటైరైంది. ఏ విషయం చెవిన పడినా దాని గురించి దొరికినదంతా చదివి, విడగొట్టి, వరుసలో పేర్చకుండా ఆవిడకు నిద్రపట్టదు.

ఒప్పందం సరిగ్గా ఇరవై గంటలు నిలిచింది. మంగళవారం మధ్యాహ్నం వదిన మెట్లు దిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదే, ఎందుకు వదినా?"

"మీ ఆయన పొద్దుటి నుంచి నా కళ్లజోడు మూడుసార్లు తుడిచాడు. చిన్నప్పుడు నాన్నకు గుండెపోటు వచ్చిన రోజు వాడు ఇంట్లో గాజుగ్లాసులన్నీ కడిగి వరసగా బోర్లించాడు. నాకు వాడి సంగతి తెలీదా? ఏమైందో చెప్పు, మరదలా."

చెప్పక తప్పలేదు. వదిన విని, కుర్చీలో కూర్చుని, రెండు గ్లాసుల నీళ్లు తాగింది. తర్వాత పైకి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఒక నోటుపుస్తకంతో మళ్లీ దిగింది. అందులో మూడు భాగాలు, మూడు రంగుల సిరాలు: డాక్టరును అడగవలసినవి, ఇంట్లో చేయవలసినవి, ఇంటర్నెట్టులో ఉన్నా నమ్మకూడనివి. మూడో భాగమే అన్నిటికంటే లావుగా ఉంది.

"నమ్మకూడనివి నాకెందుకు వదినా?"

"నువ్వు వేరేచోట చదివి నమ్మకుండా ఉండటానికి."

"నేను చదవనే చదవను కదా."

"అయితే వద్దులే, నేనే నమ్మకుండా ఉంటాను" అని వదిన పుస్తకం చంకలో పెట్టుకుంది. పాపం, ఆవిడ వాటిలో సగం నమ్మేసిందని ముఖమే చెప్పింది.

ఇక బ్రేకక్క క్లాసుల సంగతి. ఆ వారం ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న వాళ్లలో ఒక పళ్ల డాక్టరు ఉన్నాడు. నలభై నాలుగేళ్ల మనిషి, లైసెన్సు పరీక్ష అప్పటికి నాలుగుసార్లు తప్పాడు. పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాళ్లకు కబుర్లు చెప్పి నవ్వించే మనిషే, స్టీరింగు పట్టుకుంటే చాలు, అరచేతులు చెమటతో జారిపోతాయి. అయిదో పరీక్ష వచ్చే మంగళవారం ఉంది.

మంగళవారం, బుధవారం ఆయన క్లాసులు ఘోరంగా జరిగాయి. తప్పు ఆయనది కాదు. బ్రేకక్క కాలే అదుపు తప్పింది. పావురం వాలితే బ్రేకు, ప్లాస్టిక్ సంచి ఎగిరితే బ్రేకు. దూరంగా ఒకామె రోడ్డు దాటుదామా వద్దా అని ఆలోచిస్తుంటే, ఆమె ఆలోచనకు కూడా బ్రేకు. పళ్ల డాక్టరు ముందుకూ వెనక్కూ ఊగి ఊగి మెడ పట్టేసింది. బుధవారం క్లాసు సగంలో కారు పక్కకు తీసి, ఇంజను ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"అక్కా, నేనిక మానేస్తాను."

"ఏమైంది డాక్టరుగారూ?"

"ఈ అరగంటలో మీరు పదిహేడుసార్లు బ్రేకు వేశారు. నేను లెక్కపెట్టాను. పోయిన వారం రెండేసార్లు. అంటే నేను నేర్చుకున్నదీ పోయిందన్నమాట. నాకు చేతకాదక్కా, ఒప్పుకుంటున్నాను."

అది విని బ్రేకక్కకు సిగ్గేసింది. ఆయన బాగానే నడుపుతున్నాడు. తన భయాన్ని తీసుకెళ్లి ఆయన కాళ్ల మీద పోస్తున్నది తనే.

"మీరు సరిగ్గానే నడుపుతున్నారు డాక్టరుగారూ. నాకే బాగోలేదు" అని ఆగింది. తర్వాత, ఎదురుగా ఆగి ఉన్న పాలవ్యాను వైపు చూస్తూ మొత్తం చెప్పేసింది. గడ్డ, ఫొటో, సూది, ఎనిమిది పనిరోజులు. మొగుడికి, వదినకు చెప్పినప్పుడు సగం దాచి, సగం తేలిక చేసి చెప్పింది. ఇక్కడ ఏదీ దాచలేదు. కారులో అదొక సౌకర్యం. పక్కపక్కనే కూర్చున్నా ఇద్దరూ ముందుకే చూడాలి. ఎదుటి ముఖం ఎలా మారుతుందోనని చూసుకుంటూ మాట్లాడక్కర్లేదు.

"మీరు డాక్టరు కదా. ఏమై ఉంటుందంటారు?" అని చివర్లో అడిగింది.

"నేను పళ్ల వరకేనక్కా" అన్నాడాయన చాలా నిజాయితీగా. "మెడ కింద ఏముందో నాకు మీకు తెలిసినంతే తెలుసు."

ఆవిడకు నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత వచ్చిన నవ్వు కదా, మొదట్లో దగ్గులా వచ్చి, తర్వాత దారికొచ్చింది. పళ్ల డాక్టరు కారు స్టార్టు చేసి, ఆవిడ చెప్పినదాని గురించే ఆలోచిస్తూ, స్కూలు దాకా పోనిచ్చి, రెండు కార్ల మధ్య ఇరుకు సందులోకి వెనక్కి పోనిచ్చి, ఒక్కసారికే నిలబెట్టాడు. ఆరు నెలలుగా కుదరని పని అది. చేసేదాకా చేస్తున్నట్టు ఆయనకు తెలియనే లేదు.

"చూశారా!" అంది బ్రేకక్క. "భయపడటం మర్చిపోయారు కాబట్టి వచ్చింది."

"మీరు కూడా కాసేపు మర్చిపోవచ్చు కదక్కా?"

"మర్చిపోవడం చేతకావట్లేదండీ. గిన్నెలు తోముతుంటే భయం వస్తుంది, పళ్లు తోముతుంటే వస్తుంది."

పళ్ల డాక్టరు హ్యాండ్ బ్రేకు వేశాడు. "నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తుంటాను. కుర్చీలో పడుకున్నాక ఎవరూ ఏడవరు. ఏడ్చేదంతా బయట బెంచీ మీదే. అందుకని ఎవరినీ ముందుగా రావద్దంటాను, మూడున్నరకంటే సరిగ్గా మూడున్నరకే పిలుస్తాను. మీరు కూడా దానికి ఒక టైము ఇచ్చి చూడండి. ఫలానా గంటకు రా, అప్పుడు చూసుకుందాం అని చెప్పండి. మిగతా వేళల్లో వస్తే అపాయింట్‌మెంటు లేదని పంపేయండి."

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. అయినా గురువారం చేసి చూద్దామనుకుంది. క్లాసులన్నీ అయ్యాక, సాయంత్రం అయిదింటికి కారు ఇంటి ముందు నిలబెట్టి, తన పక్క సీట్లోకి మారి, అద్దాలెత్తి, గడియారం చూసుకుని, "ఊఁ, రా" అని భయాన్ని పిలిచింది.

వింతేమిటంటే, రమ్మంటే వెంటనే రాలేదు. మొదటి ఆరు నిమిషాలు సందు చివర ఎవరో ఆరేసిన దుప్పట్లు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత వచ్చింది. ఆపరేషను, జుట్టు, తను లేని ఇల్లు, సోఫాలో ఒక్కడే కూర్చున్న మొగుడు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏడ్చింది కూడా. అయిదూ ఇరవైకి ఫోనులో అలారం మోగింది. ముక్కు చీదుకుని, కారు తాళం వేసి, లోపలికి వెళ్లి కూరగాయలు తరిగింది. తరుగుతుండగా భయం మళ్లీ తలుపు తట్టింది. "రేపు అయిదింటికి" అంది పైకే. పక్క గదిలోంచి మొగుడు, "ఎవరితో?" అన్నాడు.

అంతా దీంతో తీరిపోలేదు. ఫోను సంగతి అలాగే ఉంది. ఎప్పుడు మోగినా ఆవిడ చేతిలో పని అక్కడే వదిలేసి పరిగెత్తేది. శుక్రవారం పొద్దున తెలియని నంబరు నుంచి వచ్చింది. ఎనిమిది రోజులకంటే ముందే వచ్చిందంటే మరీ చెడ్డదే అయ్యుంటుందనుకుని, గోడ ఆనుకుని నిలబడి ఎత్తింది.

"మేడమ్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అన్నాడు అవతలి మనిషి మెత్తగా.

"చెప్పండి. ఏదున్నా సూటిగా చెప్పేయండి. నేను తట్టుకుంటాను."

అవతలి మనిషి తడబడ్డాడు. "మేడమ్... మాది పరుపుల కంపెనీ."

"ఏమిటీ?"

"పరుపులండీ. నడుంనొప్పి రాదు. పదేళ్ల గ్యారంటీ."

"పదేళ్లా?" అంది బ్రేకక్క, ఆ మాట ఎవరైనా చెబితే చాలునన్నట్టు. "నిజంగా పదేళ్లు ఉంటుందంటారా?"

"రాసిస్తామండీ" అన్నాడతను ఉత్సాహంగా.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగలేదు. అతను రెండుసార్లు "మేడమ్, మేడమ్" అని పిలిచి, ఇక లాభం లేదని పెట్టేశాడు. నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయిన మరదలిని చూసి, అప్పుడే మెట్లు దిగి వచ్చిన వదిన కంగారుగా నోటుపుస్తకం తిరగేయసాగింది. నవ్వు గురించి ఏ భాగంలోనూ లేదు.

ఆ సాయంత్రమే అయిదింటికి కారు అద్దం మీద టకటకమని ఎవరో కొట్టారు. చూస్తే వదిన.

"నువ్వు రోజూ ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్?"

"భయపడుతున్నాను వదినా. అయిదూ ఇరవై దాకా."

వదిన వంగి కారు లోపలికి చూసింది. "నాక్కూడా చాలా ఉంది. పైన ఒక్కదాన్నే పడలేకపోతున్నాను. ఎక్కడ కూర్చోను?"

"స్టీరింగు ముందు కూర్చో, ఖాళీగానే ఉంది."

వదిన జీవితంలో మొదటిసారి స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన బ్రేకక్క. ఇద్దరూ ముందుకు చూస్తూ భయపడ్డారు. వదిన పద్ధతైన మనిషి కాబట్టి, ముందు తేలికపాటి భయాలతో మొదలుపెట్టి పెద్దవాటి దాకా వచ్చింది. "నీకేమైనా అయితే నేను వాడితో ఒక్కదాన్నే ఉండాలి. వాడు మాట్లాడడు. నేను ఆపను. ఇద్దరం పిచ్చెక్కి పోతాం" అంది. అని, ఏడ్చింది. బ్రేకక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. పదమూడేళ్లుగా ఒకే ఇంట్లో పై వాటా, కింది వాటాల్లో ఉంటూ నీళ్ల మోటారు గురించీ తలుపుల చప్పుడు గురించీ దెబ్బలాడుకోవడమే తప్ప, వాళ్లు చేతులు పట్టుకున్నది ఎప్పుడూ లేదు.

శనివారం మొగుడు కూడా వచ్చాడు. వెనక సీటు తలుపు తీసి, ఎక్కి, తలుపు వేసుకున్నాడు. జేబులోంచి తుడిచే గుడ్డ తీశాడు.

"అద్దాలు తుడవద్దు" అన్నారు ఆడవాళ్లిద్దరూ ఒకేసారి. ఆయన గుడ్డ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. ఎదురింటావిడ సంచీ పుచ్చుకుని అటుగా పోతూ, ముగ్గురు మనుషులు ఆగి ఉన్న కారులో బెల్టులు కూడా పెట్టుకుని కూర్చోవడం చూసి వంగి అడిగింది.

"ఎక్కడికి, ఊరికా?"

"లేదండీ, ఇక్కడికే" అంది వదిన.

ఎదురింటావిడ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయింది. అప్పుడు వెనక సీట్లోంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఆ రోజు ఆసుపత్రిలో నర్సు నిన్ను పిలిచింది చూడు. నీ పేరే పిలిచింది. నేను లేచి నిలబడ్డాను. నువ్వు అప్పటికే లోపలికి వెళ్లిపోయావు, చూడలేదు. పిలిచింది నిన్నని తెలుసు. అయినా లేచాను. కూర్చోవాలంటే కాళ్లు మడత పడలేదు. ఆ ముసలాయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అందుకే ముందు ఆయన కళ్లజోడే తుడిచాను."

ఇరవై అయిదేళ్ల కాపురంలో ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం బ్రేకక్క ఎరగదు. వెనక్కి తిరిగి చూడబోయింది. కానీ చూస్తే ఆగిపోతాడని, ముందున్న చిన్న అద్దంలోంచే చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అలారం మోగింది. ఆ రోజు ఎవరూ వెంటనే దిగలేదు.

మంగళవారం పళ్ల డాక్టరు పరీక్ష. అయిదోసారికి గట్టెక్కాడు. పరీక్ష పెట్టే అధికారి కాగితం మీద సంతకం చేస్తుంటే, ఆ కంగారులో, "ఎక్కడైనా పన్ను నొప్పిగా ఉందా సార్?" అని అడిగాడట. నిజంగానే ఉందట ఆయనకు.

గురువారం, అంటే ఎనిమిదో పనిరోజున, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఈసారి పరుపులు కాదు. "రేపు పదకొండింటికి డాక్టరుగారు రమ్మన్నారు. ఇంట్లోవాళ్లను ఎవరినైనా వెంటపెట్టుకుని రండి" అంది అవతలి అమ్మాయి. ఫోనులో చెప్పలేదంటే దానర్థమేమిటో ముగ్గురికీ అర్థమైంది. వదిన నోటుపుస్తకం తెచ్చి, మొదటి భాగం తీసి, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది.

శుక్రవారం పొద్దున బ్రేకక్క తాళం చేత్తో పట్టుకుని కారు దాకా వెళ్లి ఆగిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఎవరి చేతులు వణికినా ఆవిడ స్టీరింగు ముందు కూర్చోనివ్వదు. తన విషయంలోనూ ఆ రూలు మార్చలేదు. మొగుడికి డ్రైవింగు రాదు, ఇంట్లో గురువును పెట్టుకుని నేర్చుకోలేదు. వదిన కూర్చోవడం వరకే నేర్చుకుంది. చివరికి పళ్ల డాక్టరుకు ఫోన్ చేస్తే, పావుగంటలో తన కారు వేసుకుని వచ్చేశాడు. మూడు రోజుల పాత లైసెన్సు చొక్కా జేబులోంచి కనిపిస్తోంది.

బ్రేకక్క ఆయన పక్కన కూర్చుంది. అది స్కూలు కారు కాదు. ఆవిడ కాలి కింద చాప తప్ప ఏమీ లేదు. దారిపొడుగునా ఆ చాపను తొక్కుతూనే ఉంది, పళ్ల డాక్టరు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నడిపాడు. సిగ్నళ్ల దగ్గర మెల్లగా ఆపాడు. ముసలివాళ్లు దాటుతుంటే చేత్తో సైగ చేశాడు. నాలుగో సిగ్నలు దగ్గర ఆవిడ కాలు తొక్కడం మానేసింది. ఎప్పుడు మానేసిందో చూసుకోలేదు.

డాక్టరమ్మ ముగ్గురికీ కుర్చీలు వేయించింది. కాగితం బల్ల మీద పెట్టి, చూపు తిప్పకుండా చెప్పింది.

"ఉందమ్మా. క్యాన్సరే. కానీ చిన్నది, తొందరగానే దొరికింది. చంకలోకి పాకినట్టు ఫొటోలో కనిపించట్లేదు. ఆ గడ్డ వరకు తీసేసి, తర్వాత కొన్ని వారాలు రేడియేషన్ ఇస్తాం. మీలాంటి కేసుల్లో ఎక్కువమంది బాగవుతారు."

ఆ పది, పదకొండు రోజుల్లో ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. 'అది' అన్నారు, 'ఆ సంగతి' అన్నారు, వదినైతే పుస్తకంలో చుక్కలు పెట్టింది. ఇప్పుడు ఒకరు మామూలు గొంతుతో, మామూలు బల్ల ముందు కూర్చుని దాని పేరు చెప్పారు. బ్రేకక్క గుండె ఒక్కసారి జారింది. జారి, ఎక్కడో నిలిచింది. నిలిచాక చూసుకుంటే, ఈ పదిరోజులూ పడినంత బాధ అందులో లేదు. అదేమిటో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

"ఆపరేషన్ ఎప్పుడండీ?" అంది.

"వచ్చే బుధవారం."

"బుధవారమంటే మూడు పనిరోజులు" అంది బ్రేకక్క. "ఫరవాలేదు, పెద్ద ఆలస్యం కాదు."

వదిన పుస్తకం తెరిచి పదకొండు ప్రశ్నలడిగింది. సీటు బెల్టు దెబ్బ వల్ల వచ్చిందా అని కూడా అడిగింది. "బెల్టు వల్ల రాలేదమ్మా. బెల్టు వల్ల దొరికింది" అంది డాక్టరమ్మ. పదకొండోది అయ్యాక, "మీరు కూడా డాక్టరేనా?" అని వదినను అడిగింది.

"కాదండీ, లైబ్రరీ" అంది వదిన, ముఖం వెలిగిపోతూ.

వరండాలోకి వచ్చాక, నీళ్ల ఫిల్టరు పక్కన నిలబడి బ్రేకక్క ఏడ్చింది. ధైర్యమంతా లోపల బల్ల దగ్గరే అయిపోయింది. గంట పదకొండున్నర, అయిదు కాలేదు, అయినా ఏడ్చింది. మొగుడు తడుముకుని జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. కళ్లు తుడుచుకోబోయి ఆగింది.

"ఇది అద్దాలు తుడిచేది కదండీ?"

"ఊఁ. గీతలు పడవు" అన్నాడాయన.

ఏడుస్తున్నదల్లా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గానీ కళ్లు ఎర్రగానే ఉన్నాయి. బయట పళ్ల డాక్టరు కారు నీడలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముగ్గురి ముఖాలూ చూసి, తలుపులు తీశాడు.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. మొదటి వారం చెయ్యి పైకెత్తాలంటే ప్రాణం పోయేది. వదిన పూటపూటకూ దిగి వచ్చి చేయికి వ్యాయామం చేయించేది. "ఇంకా పైకి, పై అరలో పుస్తకం ఉందనుకో" అనేది. తర్వాత అయిదు వారాలు రోజూ రేడియేషన్. అక్కడ మిషను నడిపే అమ్మాయి సన్నగా, గంభీరంగా ఉండేది. రోజూ ఆవిడను బల్ల మీద సరిచేసి పడుకోబెట్టి, "కదలకండి" అని చెప్పి బయటికి వెళ్లిపోయేది. ఇరవై అయిదు రోజులూ ఆ ఒక్క మాటే. మధ్యలో అలసట వచ్చింది, చర్మం కమిలింది, రెండుసార్లు ఎవరి మీదో అకారణంగా అరిచింది. అయిదింటికి కారులో కూర్చోవడం కొన్నాళ్లు సాగింది. తర్వాత ఒకరోజు ముగ్గురూ మర్చిపోయారు. మర్చిపోయినట్టు ఆ మర్నాడు గాని గుర్తురాలేదు.

మూడు నెలలకు మళ్లీ కారెక్కింది. బెల్టు అక్కడ ఒరుసుకుంటుందని మొగుడు కళ్లజోడు పెట్టెల్లో అంటించే మెత్తటి గుడ్డతో చిన్న తొడుగు కుట్టి బెల్టుకు చుట్టాడు. ఇప్పటికీ ఆరు నెలలకోసారి పరీక్షలకు వెళుతుంది. ఇప్పటికి మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ బాగానే ఉందన్నారు. వెళ్లే ముందు వారం కాస్త చిరాకుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు.

మొన్నీమధ్య ఒక కొత్త శిష్యురాలు చేరింది. చూస్తే ఆ రేడియేషన్ అమ్మాయే. మొదటి రోజు స్టీరింగు పట్టుకుని, వెనక బస్సు హారను కొడుతుంటే బిగుసుకుపోయి, ఊపిరి కూడా తీయడం మానేసింది.

"కదలాలమ్మా" అంది బ్రేకక్క. "ఇక్కడ కదలాలి."

ఆ అమ్మాయి నవ్వబోయి క్లచ్చు వదిలేసింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేయించి, ఫస్టు గేరు వేయించి, ఇద్దరూ మెల్లగా మెయిన్ రోడ్డు వైపు వెళ్లారు.